ఎస్పోసితో అన్న ఇంటిపేరు కథ (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో జాబ్ చేస్తుందండీ. వాళ్ళ టీమ్‌లో ఒకాయన ఇంటిపేరు ఎస్పోసితో. మొన్న బ్యూనస్ ఎయిర్స్ ఆఫీసు వాళ్ళతో వీడియో కాల్ పెట్టుకుంటే అక్కడ ఇంకో ఎస్పోసితో ఉందట, టొరంటో నుంచి ఇంకొకాయన. మీరంతా చుట్టాలా అని మా అమ్మాయి అడిగితే ముగ్గురూ నవ్వేసి కాదన్నారట. మనకైతే ఇంటిపేరు ఒకటే అయితే ఎక్కడో ఒకచోట దాయాదులు అయ్యుంటారు కదా. నెట్‌లో చూస్తే ఆ మాటకి 'వదిలేసిన బిడ్డ' అని అర్థం ఉంది, అది నిజమేనా? నిజమైతే అలాంటి పేరు తరతరాలు ఎందుకు మోస్తారు, ఇన్ని దేశాలకి ఎలా పాకింది? – ఓ పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: నిజమేనమ్మా. మీరడిగిన మూడింటికీ జవాబు ఒక్క చోటే ఉంది, ఇటలీలోని నేపుల్స్ ఊళ్ళో ఒక గోడలో ఉన్న కంతలో. కానీ అక్కడికి వెళ్ళే ముందు మీరు రాసిన 'దాయాదులు' అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది.

మన దగ్గర సంబంధం అనగానే ముందు అడిగేది ఇంటిపేరే, తర్వాతే అబ్బాయి ఏం చేస్తాడు, ప్యాకేజీ ఎంత అన్నవి. ఒకే కులంలో ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళ వరస అవుతారు, మాట అక్కడితో అయిపోతుంది. ఇంటిపేరు అంటే మనకి ఒక ఇల్లు, ఒక మూలపురుషుడు, చాలాసార్లు ఒక ఊరు కూడా. ఇటలీలో కూడా చాలా ఇంటిపేర్లు మన పేర్ల లాగే పుట్టాయి. కారు వల్ల మనందరికీ తెలిసిన ఫెరారీ ఉంది చూడండి, దానికి అర్థం కమ్మరి. రొస్సీ అంటే ఎర్రోళ్ళు, జుట్టు రంగు చూసో ఒళ్ళు చూసో పెట్టింది, అదే పేరు దక్షిణానికి వస్తే రుస్సో. బియాంకీ అంటే తెల్లోళ్ళు. రొమానో అంటే రోమ్ ఊరివాడు, మన దగ్గర కొండపల్లి, తాడేపల్లి అని ఊరి పేర్లు ఇంటిపేర్లు అయినట్టే. వృత్తో, ఊరో, తండ్రి పేరో, ఒంటి పోలికో, ఏదో ఒకటి ఆ మనిషి ఎవరి తాలూకో చెప్తుంది.

ఎస్పోసితో ఒక్కటే దీనికి ఎదురు. లాటిన్‌లో ఎక్స్‌పోసితుస్ అంటే బయట పెట్టబడిన అని, అంటే ఇంటి బయట, గుడి మెట్ల మీద, అనాథాశ్రమం గడప ముందు ఉంచేసిన బిడ్డ. ఎవరి తాలూకో తెలియదు అన్న ఒక్క సంగతే ఆ పేరు చెప్తుంది.

నేపుల్స్‌లో ఫోర్చెల్లా అని పాత పేట ఒకటి ఉంది, ఇరుకు సందులు, బాల్కనీల మధ్య తాళ్ళ మీద బట్టలు, మన పాతబస్తీ గల్లీల్లో తిరిగిన వాళ్ళకి కొత్తగా అనిపించదు. అక్కడ అనున్‌జియాతా అనే పెద్ద చర్చి, దాన్ని ఆనుకుని ఆస్పత్రీ అనాథాశ్రమం. ఆ గోడలో ఒక కంత, కంతలో నిలువుగా తిరిగే చెక్క పీపా లాంటిది, దానికి ఒక పక్కనే తెరిచి ఉంటుంది. దాన్ని రువోతా అంటారు, అంటే చక్రం. రాత్రి పూట ఎవరో వస్తారు, బిడ్డని ఆ పీపాలో పెడతారు, తిప్పుతారు, గంట కొడతారు, వెళ్ళిపోతారు. లోపల ఉన్న మనిషి గంట విని లేచి వచ్చి బిడ్డని ఎత్తుకుంటుంది. గోడకి అవతలున్న తల్లి మొహం ఆమెకి కనిపించదు, ఆమె మొహం తల్లికి కనిపించదు, ఆ ఏర్పాటు ఉద్దేశమే అది. బిడ్డ చచ్చిపోకుండా ఉండాలి, ఇచ్చినవాళ్ళు ఎవరో బయటపడకూడదు. ఇలాంటి చక్రాలు రోమ్‌లో మొదలయ్యాయని, టైబర్ నదిలో చేపల వలల్లో పసికందుల శవాలు పడుతున్నాయని విని మూడో ఇన్నొసెంట్ పోప్ పెట్టించాడని అక్కడ చెప్పుకుంటారు. నేపుల్స్ చక్రం 1875లో ఆపేశారు, కానీ అది ఇప్పటికీ ఆ గోడలో ఉంది, వెళ్ళినవాళ్ళు చూడొచ్చు.

లోపలికి వచ్చిన బిడ్డ వివరాలు రిజిస్టర్‌లో ఎక్కించాలి. 1563లో ట్రెంట్ క్రైస్తవ మహాసభ అయ్యాక చర్చిల్లో బాప్తిస్మం, పెళ్ళి రికార్డులు రాయడం తప్పనిసరి అయింది, అప్పట్నుంచి ప్రతి మనిషికీ ఒక పేరూ ఒక ఇంటిపేరూ కాగితం మీద పడాల్సిన అవసరం పెరిగింది. మరి తండ్రి ఎవరో తెలియని బిడ్డకి ఏం రాస్తారు? ఎస్పోసితో అని రాశారు. ఈరోజు వచ్చిన బిడ్డకీ అదే, రేపు వచ్చిన బిడ్డకీ అదే, అలా వందల ఏళ్ళు. అందుకే మీ అమ్మాయి చూసిన ముగ్గురూ చుట్టాలు కాకపోవడంలో వింత ఏమీ లేదమ్మా, నేపుల్స్‌లో ఒకే సందులో ఉన్న ఇద్దరు ఎస్పోసితోలు కూడా ఒకళ్ళకొకళ్ళు ఏమీ కాకపోవచ్చు. మనలో 'ఇంటిపేరు ఒకటే, సంబంధం కుదరదు' అంటామే, ఆ లెక్క ఈ పేరు దగ్గర అస్సలు పనిచెయ్యదు, ఎస్పోసితో అబ్బాయి ఎస్పోసితో అమ్మాయిని చేసుకున్నా అక్కడ ఎవరూ వింతగా చూడరు.

ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరు ఉండేది, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. రోమ్‌లో ప్రొయెత్తీ అన్నారు, అంటే విసిరేసిన వాళ్ళు. బొలోన్యా వైపు దెల్యి ఎస్పోస్తి. మిలాన్‌లో అనాథపిల్లలని చూసిన పెద్దాస్పత్రికి పావురం గుర్తు, అందుకని ఆ పిల్లలకి కొలంబో అని రాశారు, కొలంబో అంటే పావురమే, కాకపోతే కొలంబోలు అందరూ అలా వచ్చినవాళ్ళు కాదు, జెనోవా నుంచి వచ్చిన క్రిస్టఫర్ కొలంబస్ అసలు పేరు కూడా కొలంబోయే, అది వేరే దారి. సిసిలీలో త్రొవాతో, అంటే దొరికినవాడు. ఫ్లోరెన్స్‌లో ఇన్నొచెంతి, అంటే పాపం పుణ్యం తెలియని పసివాళ్ళు. ఒకే పరిస్థితికి ఒక ఊరు 'విసిరేశారు' అని పేరు పెడితే ఇంకో ఊరు 'దొరికాడు' అని పెట్టింది చూడండి, ఆ రెండు మాటల మధ్య ఎంత తేడా!

ఆ ఫ్లోరెన్స్ ఆశ్రమం బిల్డింగ్ డిజైన్ చేసింది బ్రూనెల్లెస్కీ, పని 1419లో మొదలైంది, మొదటి బిడ్డ వచ్చింది 1445 ఫిబ్రవరి 5న, ఆడపిల్ల, అగాతా స్మెరాల్దా అని పేరు పెట్టారు. అక్కడి మ్యూజియంలో చిన్న చిన్న సొరుగుల్లో సగం నాణేలు, సగానికి విరిచిన పతకాలు, గుడ్డపీలికలు దాచి ఉన్నాయి. తల్లి ఒక సగం బిడ్డ మెడలో కట్టి, రెండో సగం తన దగ్గర ఉంచుకునేది, ఎప్పటికైనా పరిస్థితి బాగుపడితే వచ్చి రెండు ముక్కలూ కలిపి చూపించి నా బిడ్డని ఇవ్వండి అని అడగడానికి. మ్యూజియంలో ఉన్నవి బిడ్డ మెడలోంచి తీసిన సగాలు. 'వదిలేసిన బిడ్డ' అని నెట్‌లో చదివినప్పుడు మన మనసులో వచ్చే బొమ్మకీ ఆ సగం పతకానికీ పొంతన కుదరదు. చాలామంది తల్లులు వదిలించుకోలేదు, పెంచే దారి లేక అప్పగించారు. కరువు, విధవరాలవడం, పెళ్ళి కాకుండా కడుపు రావడం, ఇంట్లో అప్పటికే ఆరుగురు ఉండడం, కారణాలు మనకి తెలియనివేం కావు. మన దగ్గర కూడా శిశుగృహాల ముందు, కొన్ని ఆస్పత్రుల దగ్గర ఊయలలు పెట్టారు కదా, చెత్తకుండీలో పడెయ్యకండి, ఇందులో పెట్టి వెళ్ళండి, ఎవరూ ఏమీ అడగరు అని. తమిళనాడులో 1992లో ప్రభుత్వమే ఆ స్కీం తెచ్చింది. గోడలో చక్రమైనా గేటు ముందు ఊయలైనా ఆలోచన ఒక్కటే.

ఇక అలాంటి పేరు ఎందుకు ఉంచుకుంటారు అన్నారు. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు భువనగిరి దగ్గర, అక్కడ పెంటయ్య తాత అని ఒకాయన ఉండేవాడు, చిన్నప్పుడు ఆ పేరు వింటే నాకు ఏదోలా ఉండేది, ఇట్లాంటి పేరు ఎందుకు పెట్టిండ్రు అని అడిగితే అమ్మమ్మ చెప్పింది, 'ఆయనకు ముందు ముగ్గురు పుట్టి పోయిండ్రు బిడ్డా, అందుకే ఈన పుట్టంగనే చాటల ఏసి పెంట మీద పెట్టి, పక్కింటామెతోని తెప్పించుకున్నరు, ఈడు మా బిడ్డ కాదు దొరికిండు అంటే చావు ఇటు చూడదని.' పుల్లయ్య అన్న పేరూ అంతే, ఎంగిలాకుల కుప్ప మీద పెట్టి తెచ్చుకున్న బిడ్డ, తవిటయ్య అంటే చేటెడు తవుడు ఇచ్చి కొనుక్కున్న బిడ్డ. మనవాళ్ళు బిడ్డ బతకాలని ఉత్తుత్తిగా వదిలేసి మళ్ళీ తెచ్చుకుని పేరు పెట్టారు, నేపుల్స్‌లో నిజంగానే వదిలేస్తే తెచ్చుకున్నవాళ్ళు పేరు పెట్టారు. రెండు చోట్లా పేరుకి అర్థం బిడ్డ బతికాడు అనే. పెంటయ్య తాత మనవళ్ళు ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటారు, ఇంటి గేటు మీద తాత పేరు గ్రానైట్ పలక మీద చెక్కించి పెట్టుకున్నారు.

నేపుల్స్‌లో ఆ పిల్లలని 'మడోన్నా పిల్లలు' అనేవాళ్ళు, అంటే మేరీమాత బిడ్డలు. అలాగని అవమానం లేదని చెప్పను, ఉంది. అందుకే నెపోలియన్ బావమరిది మురాట్ 1808 నుంచి 1815 దాకా నేపుల్స్ రాజుగా ఉన్నప్పుడే దొరికిన పిల్లలకి ఆ పేరు పెట్టడం ఆపించారు, ఆ తర్వాత ఇటలీ చట్టాలు కూడా పుట్టుక బయటపెట్టే ఇంటిపేర్లు పెట్టకూడదన్నాయి. స్పెయిన్‌లో ఇదే పేరు ఎక్స్‌పోసితో అని ఉంది, అక్కడ 1794లో రాజు ఫర్మానా ఇచ్చాడు, ఈ పిల్లలని తక్కువ చేసి తిట్టినవాళ్ళకి శిక్ష అని. కానీ కొత్తగా పెట్టడం ఆగినా అప్పటికే ఉన్న పేరు ఎక్కడికి పోతుంది? ఆ పిల్లలు పెరిగి పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కన్నారు, మూడు నాలుగు తరాల తర్వాత అది ఎవరికీ గుర్తులేని మాట అయి, మామూలు ఇంటిపేరు అయి కూర్చుంది. ఈరోజు ఇటలీ మొత్తంలో బాగా ఎక్కువగా వినిపించే ఇంటిపేర్లలో అదొకటి, నేపుల్స్‌లో అయితే అన్నిటికన్నా పైన ఉంటుంది. 1889లో రాణి మార్గెరీతా కోసం పిజ్జా చేశాడని చెప్పే నేపుల్స్ వంటవాడు ఉన్నాడే, మనం ఆర్డర్ పెట్టే మార్గరీటా పిజ్జా, ఆయన పేరు కూడా రఫాయెలే ఎస్పోసితోయే.

ఇక దేశాలు. 1876 నుంచి 1915 మధ్య ఇటలీ నుంచి దాదాపు కోటీ 40 లక్షల మంది బయటికి పోయారు, అందులో మళ్ళీ తిరిగొచ్చిన వాళ్ళూ చాలామంది ఉన్నారు. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, ఇటలీలో ఏ ప్రాంతం వాళ్ళు ఏ దేశానికి పోయారన్నది వేరువేరు. బ్రెజిల్‌లో 1888లో బానిసత్వం రద్దయ్యాక కాఫీ తోటల్లో పనికి ఎక్కువగా పోయింది వెనెతో లాంటి ఉత్తరం వాళ్ళు. అర్జెంటీనాకి కూడా మొదట పోయింది జెనోవా, పియెమోంతే వాళ్ళే, దక్షిణం వాళ్ళు ఆ తర్వాత పెరిగారు. అమెరికాకి మాత్రం పోయిన వాళ్ళలో ఎక్కువమంది దక్షిణాది, నేపుల్స్ చుట్టుపక్కల, కలాబ్రియా, సిసిలీ. 1880 నుంచి 1924 దాకా 40 లక్షల మందికి పైగా అమెరికాలో దిగారు, ఆ తర్వాత చట్టం మార్చి తలుపు దాదాపు మూసేశారు. ఎస్పోసితో నేపుల్స్ పేరు కాబట్టి నేపుల్స్ రేవులో ఎక్కిన ఓడ ఎక్కడికి పోతే ఈ పేరు అక్కడికి పోయింది. న్యూయార్క్‌లో మల్‌బెరీ వీధిలో నేపుల్స్ వాళ్ళు దిగారు, 1926 నుంచి అక్కడ వాళ్ళ ఊరి దేవుడు సాన్ జెన్నారోకి జాతర కూడా చేస్తున్నారు. అక్కడ్నుంచి నది దాటితే న్యూజెర్సీ, మీ అమ్మాయి ఆఫీసు.

బ్యూనస్ ఎయిర్స్ ఆమె సంగతి ఇంకాస్త చిక్కు. అర్జెంటీనాకి 20 లక్షలకి పైనే ఇటలీ వాళ్ళు వచ్చారు, వాళ్ళలో కొందరిని గొలొండ్రీనా అనేవాళ్ళు, అంటే వానకోయిలలు, ఎందుకంటే ఇటలీలో కోతలు అయ్యాక ఓడెక్కి అర్జెంటీనా వచ్చి అక్కడి గోధుమ కోతలు చేసి మళ్ళీ తిరిగి వెళ్ళేవాళ్ళు, భూమికి అటు పక్క కాలాలు తారుమారు కదా. మన పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి డ్యాములు, కాలువలు కట్టారు, వీళ్ళు ఏకంగా సముద్రం దాటి రెండు పంటలు కోశారు. అయితే అర్జెంటీనాలో ఇటలీ వాళ్ళు రాకముందే స్పెయిన్ రాజ్యంలో ఇదే రకం పేరు ఉంది. బ్యూనస్ ఎయిర్స్‌లో 1779లో వైస్రాయ్ వెర్తిస్ అనాథ శిశువుల ఇల్లు పెట్టించాడు, దాని ఖర్చుల కోసం 1780లో ఒక ప్రింటింగ్ ప్రెస్ నడిపారు, ఆ ఊళ్ళో మొదటి అచ్చుయంత్రం అదే, పేరు కూడా అనాథ పిల్లల ప్రెస్ అనే. కాబట్టి అక్కడ మీకు రెండు స్పెల్లింగులు కనిపిస్తాయి, ఎక్స్‌తో రాస్తే చాలావరకు స్పెయిన్ దారి, ఎస్‌తో రాస్తే చాలావరకు నేపుల్స్ దారి, కాకపోతే గుమాస్తా చేతిలో ఒకటి ఇంకోటి అయిపోయిన కుటుంబాలూ ఉంటాయి కాబట్టి స్పెల్లింగ్ ఒక్కదాన్నే పట్టుకుని తేల్చెయ్యకూడదు.

కెనడా అంటే ఐస్ హాకీ చూసేవాళ్ళకి ఫిల్, టోనీ ఎస్పోసితో అన్నదమ్ములు గుర్తొస్తారు, ఒంటారియోలో సూ సెయింట్ మేరీ అనే ఉక్కు ఫ్యాక్టరీ ఊరి వాళ్ళు, 1968–69 సీజన్‌లో వంద పాయింట్లు దాటిన మొదటి ప్లేయర్ ఫిలే. టొరంటోకి మాత్రం ఇటలీ వాళ్ళు ఎక్కువగా వచ్చింది రెండో ప్రపంచయుద్ధం తర్వాత. వెబ్ సిరీస్‌లు చూసే మన పిల్లలకి తెలిసిన నటుడు జాన్‌కార్లో ఎస్పోసితో పుట్టింది 1958లో డెన్మార్క్ కోపెన్‌హాగెన్‌లో, తండ్రి నేపుల్స్ వాడు, తల్లి నల్లజాతి అమెరికన్. బెల్జియం బొగ్గు గనులకి 1946 ఒప్పందంతో, జర్మనీ ఫ్యాక్టరీలకి 1955 ఒప్పందంతో పోయినవాళ్ళూ ఉన్నారు.

మీ అమ్మాయికి చెప్పండి, ఆ పేరు పలికేటప్పుడు 'పో' మీద ఒత్తు పెట్టాలి, ఎస్‌పో..సితో అని. అమెరికాలో 'ఎస్పొజీటో' అని వెనక సాగదీస్తారు, వాళ్ళూ అలవాటు పడిపోయారు, కానీ నేపుల్స్ పద్ధతిలో పిలిస్తే ఆయన తప్పకుండా తిరిగి చూస్తాడు.

ప్రశ్న: మా ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ కాలమ్‌లో పడలేదు, దాంతో మా అబ్బాయికి వీసా మీద ఏదేదో వచ్చింది. ఒకప్పుడు అమెరికా వెళ్ళిన ఇటలీ వాళ్ళ పేర్లు కూడా ఎలిస్ ద్వీపంలో అధికారులు ఇష్టమొచ్చినట్టు మార్చేసేవాళ్ళని విన్నాను, నిజమా? – ఓ పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఎలిస్ ద్వీపం కథ అమెరికాలో ఇంటింటా చెప్పుకుంటారు కానీ అది నిజం కాదు. న్యూయార్క్ రేవు దగ్గర ఓడల్లో వలస వచ్చినవాళ్ళని తనిఖీ చెయ్యడానికి 1892లో తెరిచిన ఆ ఆఫీసులో గుమాస్తాలు పేర్లు కొత్తగా రాసుకునేవాళ్ళు కాదు, నేపుల్స్‌లోనో జెనోవాలోనో టికెట్ కొన్నప్పుడే ఓడ కంపెనీ వాళ్ళు రాసిన ప్యాసింజర్ లిస్టు వాళ్ళ ముందు ఉండేది, దాంతో సరిచూసుకుని టిక్కు పెట్టేవాళ్ళు, అక్కడ ఇటాలియన్ మాట్లాడే దుబాసీలు కూడా ఉండేవాళ్ళు. పేర్లు మారింది తర్వాత, స్కూల్లో టీచర్ పలకలేకపోవడం వల్ల, ఫ్యాక్టరీ మేస్త్రీ తప్పు రాయడం వల్ల, ఎక్కువసార్లు వాళ్ళంతట వాళ్ళే ఉద్యోగం కోసం మార్చుకోవడం వల్ల. ఎస్పోసితో ముందున్న అచ్చు రాలిపోయి స్పోసితో అయినవాళ్ళు కొందరున్నారు, అది మాత్రం ఇటలీలోనే జరిగిన మార్పు.

మీ అబ్బాయి సంగతి దీనికన్నా వేరు, మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, సొంతపేరు వెనక, ఆ ఇంటిపేరుని కూడా సగం మంది ఒక్క అక్షరంగా పొట్టిచేసి పెట్టుకుంటాం. టెన్త్ మెమోలో ఏదుంటే అదే జన్మంతా నడుస్తుంది. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి పేరంతా గివెన్ నేమ్‌లో ఉంటే అమెరికా వీసా మీద ఆ మొత్తం పేరే సర్‌నేమ్ అయిపోయి, సొంతపేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదు అని. మా చిన్నాన్న కొడుక్కి అదే అయింది, డ్రైవింగ్ లైసెన్స్, బ్యాంక్ అకౌంట్, జీతం స్లిప్పు, అన్నిట్లో వాడి పేరు ఎఫ్‌ఎన్‌యూ, ఆఫీసులో కొత్తగా వచ్చినవాళ్ళు అదే వాడి పేరనుకుని 'ఫ్నూ' అని పిలిచారు. తల్లిదండ్రులు ఇద్దరూ బంగారంలా ఉండి, బారసాల చేసి, పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో రాసిన పేరు, అక్కడ 'తెలియదు' అని పడటం చూస్తే నాకు నిజంగా బాధేసింది. పాస్‌పోర్ట్ రీ-ఇష్యూకి పెట్టి ఇంటిపేరు పూర్తిగా, పొట్టి అక్షరం కాకుండా, సర్‌నేమ్ గడిలో వేయించుకోండి. పిల్లలు ఇంకా స్కూల్లో ఉన్నవాళ్ళైతే టెన్త్‌కి ముందే ఆ పని చూసుకోండి.

ప్రశ్న: ఇటలీ ఆడవాళ్ళకి పెళ్ళయ్యాక ఇంటిపేరు మారుతుందా, మనకి మారినట్టు? – ఓ పాఠకురాలు, నిజాంపేట

జవాబు: మారదండీ. పుట్టింటి పేరే కాగితాల మీద చివరిదాకా ఉంటుంది. 1975లో చేసిన చట్టం ప్రకారం భర్త పేరు దానికి కలుపుకోవచ్చు, కానీ పుట్టింటి పేరు పోదు. పిల్లలకి మాత్రం మొన్న మొన్నటిదాకా తండ్రి పేరే వచ్చేది. 2022 ఏప్రిల్‌లో వాళ్ళ రాజ్యాంగ కోర్టు అది సమానత్వానికి విరుద్ధం అంది, ఇప్పుడు పుట్టే బిడ్డకి తల్లి పేరు, తండ్రి పేరు రెండూ వస్తాయి, ఏదో ఒకటే చాలనుకుంటే ఇద్దరూ కలిసి ఒప్పుకోవాలి.